ఫైలు బాగుంటే బడి బాగున్నట్టే

చర్యాత్మక పరిశోధనకు మీ పేరు రాసుకున్నారని మండల వాట్సాప్ గ్రూపులో చూసి కంగారుపడ్డారా? అక్కర్లేదు. ఈ పనిలో పరిశోధన పాలు తక్కువ, చర్య పాలు అంతకన్నా తక్కువ. కావలసిందల్లా ఒక డీటీపీ సెంటరు, స్పైరల్ బైండింగ్ చేసే జిరాక్స్ షాపు, తరగతిలో పిల్లలు ఏం చేస్తున్నారో చూడకుండా ఉండగలిగే నిగ్రహం. మొదటి రెండూ ఏ మండల కేంద్రంలోనైనా దొరుకుతాయి. మూడోది మాత్రం సాధన మీద రావాలి. ఈ చిట్కాలన్నీ దానికోసమే.

ముందు ముగింపు రాసుకోండి

కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు సమస్యతో మొదలుపెడతారు. అలా మొదలుపెడితే ఎక్కడ తేలతామో చెప్పలేం. ముందు ముగింపు రాసేయండి: “కృత్యాధార బోధన వల్ల విద్యార్థుల సామర్థ్యాలు గణనీయంగా మెరుగుపడ్డాయని ఈ పరిశోధన ద్వారా నిరూపితమైంది.” ఈ వాక్యం ఏ తరగతికైనా, ఏ సబ్జెక్టుకైనా అతుకుతుంది. ముగింపు చేతిలో పడ్డాక దానికి తగిన సమస్యను వెతుక్కోవడం తేలిక, లగ్నపత్రిక రాసుకున్నాక జాతకాలు చూపించుకున్నట్టు.

ఇక సమస్య ఎంత పెద్దదైతే అంత మంచిది. “నాలుగో తరగతిలో ఆరుగురు పిల్లలు అప్పు తెచ్చుకునే తీసివేతలు తప్పు చేస్తున్నారు” అని రాస్తే అది కూడా ఒక సమస్యేనా? చదివిన ప్రతివాళ్లకూ అర్థమైపోతుంది. పైగా నెల తిరిగేసరికి పరిష్కారమైపోయే ప్రమాదం ఉంది. “గ్రామీణ ప్రాంత ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల విద్యార్థులలో గణిత విద్యా ప్రమాణాల క్షీణత: కారణాలు, పరిష్కార మార్గాలు, ఒక అధ్యయనం” అనండి. అట్టమీద మూడు లైన్లు నిండాలి. చివర “ఒక అధ్యయనం” అని లేకపోతే దాన్ని ఎవరూ అధ్యయనం అనుకోరు.

కారణాల కోసం బుర్ర బద్దలుకొట్టుకోవద్దు. తల్లిదండ్రుల నిరక్షరాస్యత, పేదరికం, ఇంటి దగ్గర చదువుకునే వాతావరణం లేకపోవడం, సెల్‌ఫోను, గైర్హాజరు. ఈ అయిదింటికీ ఒక గొప్ప సుగుణం ఉంది. వీటిలో ఒక్కటి కూడా మీ తరగతి గది గోడల లోపల లేదు. టీచరు తన చేతిలో ఉన్నదాన్ని కొంచెం మార్చి, ఏం జరుగుతుందో చూడడమే చర్యాత్మక పరిశోధన అని బీఈడీ పుస్తకాల్లో ఉంటుంది. అది పరీక్షలో రాయడానికి. ఆదిలాబాద్ వైపు గోండీ మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పిల్ల, తెలుగులో అడిగిన ప్రశ్న అర్థంకాక నోరు మెదపకుండా నిలబడిందనుకోండి. కారణాల గడిలో “అశ్రద్ధ” అని రాసేయండి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఆరా తీశారో, ఆ పిల్లకు లెక్క వచ్చునని, రానిదల్లా మీ ప్రశ్నేనని తేలవచ్చు. అప్పుడు సమస్య మాయమైపోతుంది. బైండింగ్‌కు ఇచ్చిన అడ్వాన్సు మాటేమిటి?

తప్పును లెక్కపెట్టండి, చూడకండి

అన్నిటికన్నా ముఖ్యమైన చిట్కా ఇదే, కాస్త నింపాదిగా చెబుతాను. మీరు ఎంత తప్పించుకుందామన్నా అంశం తీసివేతే అయిందనుకుందాం. 52 లోంచి 27 తీసేయమంటే నాలుగో తరగతిలో కొందరు 35 అని వేస్తారు. ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి, “తీసివేత రాదు” అన్న గడిలో టిక్కు పెట్టి ముందుకు వెళ్లిపోవాలి. కొందరు టీచర్లు ఇక్కడ ఆగిపోతారు. “ఎలా చేశావురా, ఒకసారి చెప్పు” అంటారు. ఆ మాట నోట్లోంచి వచ్చిందా, ఇక తేరుకోవడం కష్టం.

ఎందుకంటే వాడు చెబుతాడు. “రెండులోంచి ఏడు పోదు కదా సార్, అందుకే ఏడులోంచి రెండు తీసేశాను. ఐదు.” వాడి దృష్టిలో పైనున్నా కిందున్నా పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీయడమే తీసివేత. పక్కనున్న అమ్మాయిని అడిగితే “పదుల దగ్గర అప్పు తెచ్చాను సార్, పన్నెండులోంచి ఏడు పోతే ఐదు” అంటుంది. తేవడం సరిగానే తెచ్చింది, అప్పిచ్చిన ఐదును నాలుగు చేయడం మాత్రం మరిచిపోయింది. ఐదులోంచి రెండు పోతే మూడు. ఇద్దరికీ 35. జవాబు ఒకటే, ఎర్ర గీత ఒకటే, లోపల జరిగింది మాత్రం ఒకటి కాదు. వాడి చేతికి పుల్లల కట్టలిచ్చి, కట్ట విప్పితే పది పుల్లలవుతాయన్న దగ్గరనుంచి మొదలుపెట్టాలి. ఆ అమ్మాయికి అదంతా వచ్చు. 5 కొట్టేసి పైన 4 వేసుకోవడం అలవాటైతే చాలు. ఇద్దరికీ కలిపి “ఇరవై తీసివేతలు చేసుకు రండి” అని ఇంటిపని ఇస్తే, ఎవరి తప్పును వాళ్లు ఇరవై సార్లు సాధన చేసి తెస్తారు. మనకు కావలసింది కూడా అదే, ఎందుకంటే “పునరభ్యాసం కల్పించబడినది” అని రాసుకోవచ్చు.

కాబట్టి ప్రశ్నపత్రంలో 52−27 ఇవ్వండి కానీ, 53−27 పొరపాటున కూడా ఇవ్వకండి. 53 అయితే వాడికి 34 వస్తుంది, అమ్మాయికి 36 వస్తుంది, ఎవరెక్కడ జారుతున్నారో పేపరే చెప్పేస్తుంది. ఒకట్ల స్థానంలో కింది అంకె పైదానికన్నా సరిగ్గా ఐదు ఎక్కువున్నప్పుడే ఈ రెండు తప్పులకూ ఒకే జవాబు వస్తుంది. 61−36, 74−49 కూడా ఆ జాతివే. ఈ జాబితా ఒకటి దగ్గర పెట్టుకోండి. 400−136 లాంటి సున్నాల లెక్కల జోలికి అసలే పోవద్దు. అక్కడ 336 వేసేవాడు ఒక దారిన, ఇంకేదో వేసేవాడు ఇంకో దారిన పోతుంటారు. అందరినీ కూర్చోబెట్టి విన్నారంటే వారం గడిచిపోతుంది, ఆన్‌లైన్‌లో నింపాల్సినవన్నీ అలాగే ఉండిపోతాయి. అమెరికాలో బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు 1978లో సరిగ్గా ఇలాంటి తీసివేత తప్పుల మీద పెద్ద వ్యాసమే రాశారు. పిల్లల తప్పులు చాలావరకు పరాకు వల్ల వచ్చినవి కావని, ఏదో ఒక తప్పుడు నియమాన్ని తుచ తప్పకుండా పాటించడం వల్ల వచ్చినవని చూపించారు. పాపం, వాళ్ల మీద ఏ ఆన్‌లైన్ ఎంట్రీలూ పెండింగు ఉన్నట్టు లేవు.

పెద్దల పేర్లు రాయండి, మాటలు వద్దు

రెండో అధ్యాయం సంబంధిత సాహిత్య సమీక్ష. కుర్ట్ లెవిన్ 1946, స్టీఫెన్ కోరీ 1953, లారెన్స్ స్టెన్‌హౌస్ 1975 అని పేర్లూ సంవత్సరాలూ వరసగా వేస్తే అధ్యాయం సగం నిండుతుంది. మిగతా సగానికి లెవిన్ ఫొటో పెద్దది చేసి పెట్టండి. వాళ్లు ఏమన్నారో రాయడం మాత్రం మీకే మంచిది కాదు. లెవిన్ అమెరికాలో మైనారిటీల సమస్యల గురించి రాస్తూ, పథకం వేసి, కొంత చేసి, ఏం జరిగిందో చూసి, దాన్నిబట్టి పథకాన్నే సరిచేసుకుని మళ్లీ చేయాలన్నాడు. మొదటి పథకం తప్పు కావచ్చని ముందే ఒప్పుకోవడమన్నమాట! పై అధికారులు చదివే ఫైలులో అలాంటి మాటలుండవచ్చా? స్టెన్‌హౌస్ ఇంకో అడుగు ముందుకేసి, పాఠ్యప్రణాళిక అనేది తరగతిలో టీచరు పరీక్షించి చూడాల్సిన ప్రతిపాదన అన్నాడు. ఈ వాక్యం మన స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో చదివితే ఎవరి ముఖం ఎలా మారుతుందో ఊహించుకోండి. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాల్లో ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు (డైట్లు) వచ్చినప్పుడు, స్థానిక బడుల సమస్యల మీద ఇలాంటి పరిశోధనలు జరిపించడం కూడా వాటి బాధ్యతల్లో ఒకటైంది. ఆ సంగతి మాత్రం “ఉపోద్ఘాతం”లో వేయండి, మర్యాదగా ఉంటుంది.

చుట్లు చుట్లుగా తిరిగే ఒక బొమ్మ ఉంటుంది: ప్రణాళిక, ఆచరణ, పరిశీలన, పునరాలోచన, మళ్లీ ప్రణాళిక. రంగుల్లో వేయించండి, అందంగా ఉంటుంది. మీ పని మాత్రం జూన్‌లో మొదలై ఫిబ్రవరిలో ముగిసే తిన్నని గీత కావాలి. రెండో చుట్టు తిరిగారంటే ఫైలులో ఇలాంటి రాతలు వచ్చిపడతాయి: “పుల్లల కట్టలతో నెల రోజులు చేశాం. పిల్లలకు కట్ట విప్పడం సరదా అయింది కానీ, విప్పాక పదుల గడిలో ఒకటి తగ్గించాలని తోచలేదు. తర్వాత నెల పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్లలు పెట్టి కొట్టు ఆట ఆడించాం. నోటు ఇచ్చి చిల్లర తెచ్చుకున్నాక ఆ నోటు చేతిలో ఉండదు కదా, ఆ విషయం ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నారు.” ఇది చదివిన పక్క ఊరి టీచరు పుల్లల నెలంతా మిగుల్చుకుని నేరుగా నోట్లతో మొదలుపెడతారు. మీరు పడిన కష్టం ఇంకొకరికి ఉచితంగా ధారపోయడం దేనికి?

గిజూభాయి బధేకా చేసిన పొరపాటు ఇదే. 1930ల తొలినాళ్లలో గుజరాతీలో ఆయన రాసిన ‘దివాస్వప్న’లో ఒక మాస్టారు విద్యాధికారి దగ్గర అనుమతి తీసుకుని, నాలుగో తరగతి మీద ఏడాదిపాటు ప్రయోగం చేస్తాడు. బాగానే ఉంది. కానీ ఎంతో ఆలోచించి పెట్టుకున్న పథకం మొదటిరోజే తలకిందులైందని, పిల్లల్ని నిశ్శబ్దంగా కూర్చోబెట్టే ఆట ఆడించబోతే గోల ఎక్కువైందని తన నోటితో తానే చెప్పేస్తాడు. ఓటమిని మొదట్లోనే పెట్టడమేమిటి? అది “పరిమితులు” అన్న శీర్షిక కింద, చివరి పేజీలో, “సమయాభావం వల్ల” అనే రెండు మాటల్లో సర్దేయాల్సిన విషయం.

మార్కులు పెరిగే మార్గాలు

ఏ పిల్లల్ని తీసుకోవాలి? ప్రీటెస్టులో అట్టడుగున ఉన్నవాళ్లను. ఇందులో కిటుకుంది. ఆ రోజు అడుగున పడ్డవాళ్లలో కొందరికి నిజంగానే రాదు. ఒకడికి జ్వరం తగిలింది, ఒకడి పెన్సిలు విరిగింది, ఒకమ్మాయి రాత్రంతా బోనాల దగ్గర తిరిగి నిద్రమొహంతో వచ్చింది. ఇంకోసారి పరీక్ష పెడితే, మీరు చాక్‌పీసు ముట్టుకోకపోయినా వీళ్ల మార్కులు కొంత పెరుగుతాయి. గాల్టన్ 1886లో తల్లిదండ్రుల ఎత్తులూ పిల్లల ఎత్తులూ పోల్చి గమనించింది ఇలాంటిదే: ఒక కొసన ఉన్నవి రెండో కొలతలో సగటు వైపు జరుగుతాయి. గణాంకశాస్త్రం దీన్ని హెచ్చరికగా చెబుతుంది, మనం వరంగా తీసుకుందాం. పక్కన పోల్చి చూడడానికి వేరే పిల్లలు లేకుండా చూసుకుంటే ఆ పెరిగిందంతా మీ కృత్యాల ఖాతాలోనే పడుతుంది. తప్పనిసరిగా పోల్చి చూపాల్సి వస్తే, నియంత్రిత సమూహంగా పక్క సెక్షన్‌ను పెట్టుకోండి, అక్కడ టీచరు పోస్టు ఖాళీగా ఉంటే మరీ మంచిది.

పోస్ట్ టెస్టుకు అదే పేపరు వాడండి. అవే లెక్కలు, అదే వరస. వీలైతే ముందురోజు వాటినే బోర్డు మీద చేయించండి.

తేదీ కూడా ముఖ్యమే. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల్లో పనిచేసేవాళ్లకు ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది. మిరప కోతల కాలంలో కుటుంబాలు గుంటూరు వైపు వలస వెళతాయి, పిల్లలూ వెంట వెళతారు. సరిగ్గా అప్పుడు పోస్ట్ టెస్టు పెట్టారంటే ఎవరికి అందరికన్నా ఎక్కువ సాయం కావాలో వాళ్లే గదిలో ఉండరు. సగటు దానంతటదే లేస్తుంది. పట్టిక కింద చిన్న అక్షరాల్లో “దీర్ఘకాలిక గైర్హాజరు కారణంగా ఇద్దరు విద్యార్థుల పేర్లు తీసివేత” అని ఒక ముక్క వేస్తే నిజాయతీ కూడా కనిపిస్తుంది.

ఫలితాన్ని ఎప్పుడూ సగటులోనే చెప్పండి. పదిమంది పిల్లలున్నారనుకోండి. ముందు పరీక్షలో ఎనిమిది మందికి పదికి 3, ఇద్దరికి 2. సగటు 2.8. తర్వాతి పరీక్షలో ఆ ఎనిమిది మందీ 3 దగ్గరే కూర్చున్నారు, ఆ ఇద్దరు మాత్రం 9కి ఎగిరారు. సగటు 4.2. అంటే 50 శాతం ప్రగతి! పదిమందిలో ఎనిమిది మంది అంగుళం కదలలేదన్న సంగతి ఈ అంకెలో ఎక్కడా కనబడదు. పిల్లవాడికొక వరస చొప్పున ముందు, తర్వాత మార్కులు పక్కపక్కన వేశారంటే మాత్రం తొమ్మిదో తరగతి పిల్లాడు కూడా పట్టేస్తాడు. అంతేకాదు, ఆ ఇద్దరిలో ఏం జరిగిందో, ఎనిమిది మందిలో ఎందుకు జరగలేదో అడగాలనిపిస్తుంది. అలా అడిగితే పరిశోధన మొదలైపోతుంది, మనం ముగించే పనిలో ఉన్నాం.

సగటు పక్కన టీ విలువ ఒకటి నాలుగు దశాంశ స్థానాల దాకా వేయండి. దాన్ని కనిపెట్టిన గాసెట్ బీరు కంపెనీ ఉద్యోగి, 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో రాశాడు. ఈ కథ చెబితే సభలో కాస్త నవ్వు వస్తుంది, టీ విలువ ఎలా వచ్చిందని ఎవరూ అడగరు.

ప్రశ్నావళి లేకుండా అనుబంధం నిండదు. “ఉపాధ్యాయుని నూతన బోధనా వ్యూహం నా అభ్యసనాసక్తిని ఇనుమడింపజేసింది” అని రాసి, పక్కన పూర్తిగా అంగీకరిస్తున్నాను మొదలుకొని అస్సలు అంగీకరించను దాకా అయిదు గడులు పెట్టి నాలుగో తరగతికి పంచండి. “ఏ గడిలో కొట్టాలి సార్?” అని అడుగుతారు. మొదటి గడి చూపించండి. నూటికి నూరు శాతం అంగీకారం. “తీసివేతలో నీకు ఎక్కడ కష్టంగా ఉంటుంది, బొమ్మ గీసి చూపించు” లాంటివి వద్దు. ఆ బొమ్మలు ఏ పట్టికలోనూ ఇమడవు.

వేదిక మీద

పది నిమిషాలు ఇస్తారు. అందులో ఆరు వేదికనలంకరించిన పెద్దలకు. ఎంఈఓ గారు, డైట్ లెక్చరర్లు, కాంప్లెక్స్ హెచ్ఎం గారు, తోటి ఉపాధ్యాయ మిత్రులు, సౌండు సిస్టమ్ అబ్బాయి. హోదా వరస తప్పితే అదే మీ పరిశోధనలో దొర్లిన పెద్ద తప్పుగా మిగిలిపోతుంది. మిగిలిన నాలుగు నిమిషాల్లో ముప్ఫై స్లైడ్లు. ఒక్కో స్లైడు మీద నివేదికలోని ఒక పేజీ మొత్తం అతికించి, సభకు వీపు చూపి, చదువుతూ పోండి.

స్లైడ్లను యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంటులోనే చేయించుకుని, ఫాంటు ఫైలు ఇంట్లో వదిలేసి, పెన్‌డ్రైవ్ ఒక్కటే తీసుకెళ్లండి. రిసోర్స్ సెంటర్ కంప్యూటర్లో తెరవగానే మీ తెలుగంతా ఇంగ్లిషు అక్షరాలూ డాలరు గుర్తులూ కలిసిన గందరగోళంగా మారుతుంది. అందరూ “అయ్యో” అంటారు. మీ పట్టికలను ప్రశ్నించడానికి ఎవరి దగ్గరా ఆధారం ఉండదు. ఇంత గట్టి రక్షణ ఏ గణాంక పద్ధతిలోనూ లేదు.

పిల్లల నోటుపుస్తకాల పేజీలు మాత్రం చూపించకండి. ఆగస్టులో ఒక పిల్లవాడు చేసిన లెక్క, డిసెంబరులో అదే పిల్లవాడు చేసిన లెక్క పక్కపక్కన తెరమీద పడ్డాయంటే, చివరి వరసలో ఫోను చూసుకుంటున్నవాళ్లు కూడా తలెత్తుతారు. తలెత్తినవాళ్లు ప్రశ్నలు వేస్తారు. నోటుపుస్తకాల బదులు ఫొటోలు పెట్టండి: మీరు బోర్డు దగ్గర, మీరు టీఎల్ఎంతో, మీరు మొక్క నాటుతూ. వెనకబడిన పిల్లల్ని ఒక వరసలో నిలబెట్టి తీసిన ఫొటో కింద వాళ్ల పేర్లు, తండ్రి పేర్లు, “సి గ్రేడు” అని కూడా వేసే ఘనులున్నారు. ఆ పిల్లల్లో ఒకరి మేనమామ అదే హాల్లో ఎస్జీటీగా కూర్చుని ఉండవచ్చన్న ఆలోచన రాకపోతే మీరూ వేయవచ్చు.

ప్రశ్నోత్తరాలకు నాలుగు జవాబులు కంఠస్థం చేయండి. నమూనా చిన్నది కదా అంటే “ఇది చర్యాత్మక పరిశోధన కదండీ” అనండి. పరిశోధన అయితే రుజువేదీ అంటే “ఇది ప్రధానంగా చర్య కదండీ” అనండి. పని చేయనిదేమైనా ఉందా అని అడిగితే, లేదని గట్టిగా చెప్పండి. చేతిలో బైండింగ్ ఫైలున్నవాళ్ల మాట ఎవరూ కాదనరు. సెలవుల తర్వాత ఆ పిల్లలకు ఇంకా గుర్తుందా, మళ్లీ చూశారా అని ఏ కుర్ర లెక్చరరో అడిగితే “మంచి సూచన, నోట్ చేసుకున్నాను” అనండి. నోట్ చేసుకుంటున్నట్టు పెన్ను కూడా కదపండి.

వచ్చే ఏడాదికి

సర్టిఫికెట్ లామినేట్ చేయించాక ఫైలును బీరువాలో పెట్టి తాళం వేయండి. నాలుగో తరగతికి కొత్తగా వచ్చిన పిల్లల్లో మళ్లీ 35 వేసేవాళ్లు ఉంటారు. ఉండనీయండి, సమస్యలకు కొరత రాకూడదు కదా. కొత్త టీచరు అడిగినా ఫైలు ఇవ్వకండి, కావాలంటే ముగింపు వాక్యం ఒక్కటి ఫోన్లో పంపండి.

సాఫ్ట్ కాపీ మాత్రం భద్రం. మళ్లీ మీ పేరే వస్తుంది, చేసినవాళ్లకే పని చెబుతారు కదా. అప్పుడు ఫైలు తెరిచి, “తీసివేత” అని ఉన్న చోటల్లా “భాగహారం” అని ఒక్క నొక్కుతో మార్చేయండి, సంవత్సరం మార్చండి, ఎంఈఓ గారి పేరు మార్చండి. బైండింగ్‌కు ఇచ్చేముందు మూడో పట్టిక కింద చిన్న అక్షరాలు ఒకసారి చూసుకుంటే మంచిది. చూసుకోకపోతే అక్కడ “దీర్ఘకాలిక గైర్హాజరు కారణంగా ఇద్దరు విద్యార్థుల పేర్లు భాగహారం” అని ఉంటుంది. అయినా పరవాలేదు, అంతదాకా ఎవరూ చదవరు.